కొండ వంపులో మోగని హారన్

హారన్ రిపేరుకు బండి వచ్చిందంటే నాకు మొదటి నుంచీ విసుగే. ఇంజను చెడితే బండి నిలబడిపోతుంది, బ్రేకు చెడితే డ్రైవరు భయపడతాడు, లైట్లు పోతే పోలీసు ఆపుతాడు. హారన్ పోతే మాత్రం మనవాళ్ళు కిటికీలోంచి తల బయటపెట్టి అరుచుకుంటూ నెలల తరబడి తిరిగేస్తారు. చివరికి ఏ పెళ్ళికో బయల్దేరే పొద్దున తెచ్చి, "సుమ్మా, ఊరికే ఒక వైరే అన్నా, ఐదు నిమిషాల్లో చూసియ్యి" అంటారు. ఐదు నిమిషాల పని అని తెచ్చినది ఏదీ నా సర్వీసులో ఐదు నిమిషాల్లో తెమల్లేదు.

తిరువళ్ళూరులో, తిరుత్తణి పోయే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో ఆటో ఎలక్ట్రీషియన్‌గా నా జీవితం గడిచిపోయింది. ఇప్పుడు కళ్ళు సన్న వైరు రంగు పట్టలేవు, మోకాళ్ళు బానెట్టు ముందు నిలబడనివ్వవు, అందుకని ఇంట్లో కూర్చున్నాను. ఈ పనిలో కొత్తగా దిగినవాళ్ళు అప్పుడప్పుడు ఫోను చేసి, అన్నీ బాగున్నాయి, అయినా చెడిపోతోంది, ఏం చేయమంటావు అని అడుగుతుంటారు. వాళ్ళ కోసం ఈ సంగతి రాస్తున్నాను. "తెలుగులో రాస్తే ఎవురు చదువుతారు, మన పిల్లోళ్ళకే అరవం వచ్చినంత రాదు" అని మా ఇంటావిడ నవ్వింది. చదవగలిగినవాళ్ళు చదివి మిగతావాళ్ళకు చెప్పండి. పేర్లు మాత్రం రాయను. ఇందులో ఉన్నవాళ్ళందరూ మంచివాళ్ళే, అదే వచ్చిన చిక్కు.

షెడ్డు మా మేస్త్రీది. ఆయన చేతిలో పనితనం ఉంది, మనసులో మంచితనం ఉంది, నోటికి మాత్రం తొందర ఎక్కువ. ఫోను మోగితే "చూస్తున్నాం" అనే మాట ఆయనకు రాదు, "అయిపోయింది" అనే వస్తుంది. నేను ఇంకా బండి దగ్గరికి కూడా పోయి ఉండను, ఆయన అవతలివాడికి బాగయిపోయిందని చెప్పేసి ఉంటాడు. రేకు పని చేసే టింకర్ ఒకడు ఉండేవాడు. రోజంతా సుత్తి చప్పుడులో బతికే మనిషి కాబట్టి మామూలుగా మాట్లాడినా రోడ్డవతలికి వినబడేది. ఆడి నెలలో, అంటే మన ఆషాఢంలో, పెరియపాళయం పోయి అమ్మవారికి మొక్కు తీర్చి గుండుతో తిరిగివచ్చేవాడు, ఆ వారమంతా మేస్త్రీ వాడి తల మీద పెయింటు రంగులు చూసుకోవచ్చని ఆటపట్టించేవాడు.

ఇక ఆ కారు. కే.జీ.కండిగై అనే ఊళ్ళో చెరకు, మామిడితోటలు ఉన్న ఒక పెద్దాయన ఇంటిది. ఆయన తండ్రి కొన్నది. నల్ల రంగు, గుండ్రటి మడ్‌గార్డులు, తాంబాళం అంత స్టీరింగు. మద్రాసులో బాగు చేయించి, అద్దంలా మెరిపించి తెచ్చుకున్నారు. రోడ్డు మీద పోతుంటే జనం ఫోనులు తీసి ఫోటోలు పట్టేవాళ్ళు. లోపల చేయి పెట్టేది నేను కాబట్టి దాని సంగతి నాకు తెలుసు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెత ఆ కారుకే పుట్టిందనిపించేది. వైర్ల మీది గుడ్డ ముట్టుకుంటే పొడిపొడిగా రాలేది. సామాను ఎక్కడా దొరకదు, ప్రతిదీ దేన్నో ఒకదాన్ని అరగదీసి పట్టించాల్సిందే. హారన్ మాత్రం బాగుండేది. కొత్త బండ్లలాగా కీచుమనదు, గంభీరంగా పలుకుతుంది.

దాన్ని నడిపేది పట్టాభిరామ్ అనే ఊరికి చెందిన ఒక డ్రైవరన్న. తెలుగు క్రైస్తవుల కుటుంబం. ఆదివారం ఇంటికి పోయి ప్రార్థన చూసుకొని, మిగతా వారమంతా కండిగైలో తోట దగ్గరి గదిలోనే ఉండేవాడు. నాకంటే కొంచెం పెద్ద, మాట తక్కువ. నెలకోసారి వచ్చే కృత్తిక నక్షత్రం నాడు పెద్దాయననూ ఆయన భార్య పెద్దమ్మనూ తిరుత్తణి కొండ మీది గుడికి తీసుకుపోయేది ఆయనే. వాళ్ళు దర్శనం చేసుకొని వచ్చేదాకా కారు దగ్గర నిలబడి వాళ్ళ చెప్పులు చూసుకునేవాడు. పెద్దమ్మ తెచ్చిన ప్రసాదం రెండు చేతులా అందుకొని తినేవాడు. ఇన్నేళ్ళలో ఆ ఇంటివాళ్ళకూ ఆయనకూ ఒక మాట తేడా వచ్చిందని నేను వినలేదు.

ఒక కృత్తిక నాడు కొండ ఎక్కుతుండగా, ఎడమకు తిరిగే వంపులో ఒక పూలమ్మే ఆమె గంప నెత్తిన పెట్టుకొని రోడ్డంచున నడుస్తోంది. కారు వెనక నుంచి వచ్చింది. హారన్ వినబడలేదు. పక్కకు వచ్చేసిన తర్వాత చూసి, బెదిరి, తప్పుకోబోయి కాలువలో పడిపోయింది. కారు ఆమెను తాకలేదు గానీ చేయి విరిగింది. పెద్దాయన అదే కారులో ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయి దగ్గరుండి కట్టు కట్టించాడు. కట్టు కట్టించుకుంటూ కూడా ఆమె ఒకే మాట అంటూ వచ్చిందట: హారన్ కొట్టి ఉంటే తప్పుకొనేదాన్ని గదా సామీ అని. వెనక సీట్లో ఉన్న పెద్దమ్మ కూడా హారన్ వినలేదంది.

డ్రైవరన్న మాత్రం, "కొట్టినానయ్యా, మోగలేదు" అన్నాడు.

పెద్దాయన అక్కడికక్కడే ఆసుపత్రి ముందు నిలబడి హారన్ నొక్కి చూశాడు. వీధంతా మోగింది.

ఆ ఒక్క మోతతో డ్రైవరన్న మాట పోయింది. వంపులో కునుకు తీశాడని ఇంట్లో ఎవరో అన్నారు. వయసయింది, ఇంక మాన్పించండి అని ఇంకెవరో అన్నారు. కొండ మీద నిద్రపోయిన డ్రైవరు అని ఒకసారి పేరు పడితే ఈ చుట్టుపక్కల ఎవరూ తాళం చేతికివ్వరు. అంతకంటే పెద్దది, తప్పు కప్పుకోవడానికి అబద్ధం చెప్పాడన్న మాట.

మర్నాడు పెద్దాయనే మెల్లగా నడుపుకుంటూ కారు మా షెడ్డుకు తెచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది, రాత్రి నిద్రపోయినట్టు లేదు.

"హారన్‌లో లోపం ఉండాదా లేదా, అంతే చెప్పు మేస్త్రీ" అన్నాడు. "ఉంటే ఆయన తప్పు లేదు. లేదంటే ఇన్నేళ్ళు నా ఇంట్లో తిన్నోడు నాకు అబద్ధం చెప్పినట్టు. రేపు ఇంకెవుర్నో కొట్టేస్తే నేను యాడ తల పెట్టుకునేది?"

ఆయన బస్సెక్కి వెళ్ళిపోయాడు. నేను బానెట్టు ఎత్తాను.

బ్యాటరీ చూశాను, ఫ్యూజు చూశాను, వైర్లను ఒక్కొక్కటిగా కదిలించి చూశాను. ఇంజను చల్లగా ఉండగా నొక్కాను, వేడెక్కాక నొక్కాను, లైట్లు వేసి నొక్కాను. ప్రతిసారీ మోగింది. పక్కనున్న టీ కొట్టువాడు వచ్చి, ఇంక చాలించకపోతే గిరాకీలు పారిపోతారని మొరపెట్టుకున్నాడు. చెడిన హారన్ కంటే బాగున్న హారన్‌తో కష్టం ఎక్కువ. చెడినది ఎక్కడో ఒకచోట చెడి ఉంటుంది, బాగున్నదాంట్లో ఎక్కడని వెతకాలి? మధ్యాహ్నానికి నాకు చిరాకు ముదిరిపోయింది. చేతులు కడుక్కొని టీ తాగడానికి పోయాను.

తిరిగి వచ్చేసరికి మేస్త్రీ పెద్దాయనతో ఫోనులో ఉన్నాడు. "బాగుండాదయ్యా. నూటికి నూరు. మావాడు అంతా చూసేసినాడు."

"ఇంకా చూడాల గదా మేస్త్రీ" అన్నాను.

"ఏం చూస్తావు? మోగతా ఉండాది గదా. మోగే హారన్ని చెడగొట్టి మళ్ళీ బాగుచేస్తావా?"

నవ్వొచ్చే మాటే. కానీ ఆ ఫోను ముక్కతో కండిగైలో ఏం జరిగిందో సాయంత్రం తెలిసింది. డ్రైవరన్న ఒక గుడ్డసంచీ పట్టుకొని షెడ్డుకు వచ్చాడు. పని మాన్పించారట, గది ఖాళీ చేసి వచ్చేశాడు. ఇక్కడ రైలు పట్టుకొని ఇంటికి పోవాలి, కారులో కళ్ళద్దాల పెట్టె మరిచిపోయాను, తీసుకుపోదామని వచ్చాను అన్నాడు.

"నువ్వే చూసినావా తమ్ముడూ?"

"నేనే చూసినా అన్నా."

"మోగిందా?"

"మోగింది."

తల ఊపాడు. కోపం లేదు, బతిమాలడం లేదు. "నాకు మోగనిది వంపులో. నువ్వు చూసింది ఈడ" అన్నాడు.

"వంపులో అయినా అదే వైరు, అదే బ్యాటరీ గదన్నా" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసుకొని, రైలుకు ఇంకా టైముందని బల్ల మీద కూర్చున్నాడు. నేను ఆయన వైపు చూడలేక స్పానర్లు సర్దుకుంటూ కూర్చున్నాను.

ఆ సమయంలో ఒక వ్యాను లోపలికి రావాల్సి వచ్చింది. చోటు చేయడానికి టింకర్ ఆ కారెక్కి, స్టీరింగు ఎడమకు తిప్పుకుంటూ బయటికి తీస్తున్నాడు. గేటు దగ్గర ఒక ఆవు అడ్డంగా నిలబడి ఉంది. అంతే, టింకర్ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏయ్! హేయ్! పో! పో!" అని గొంతు చించుకున్నాడు. ఆవు కదల్లేదు గానీ రోడ్డు మీద పోయేవాళ్ళు నలుగురు ఆగి చూశారు.

నాకు ఒళ్ళు మండింది. "తెల్లారినుంచి ఊరంతా చెవులు పగిలేట్టు హారన్ కొడతా ఉంటిమి గదరా, నువ్వు నోటితో అరుస్తావేంది?"

"నొక్కినా అన్నా! మోగలేదు!" అన్నాడు వాడు. స్టీరింగు నేరుగా తిప్పి మళ్ళీ నొక్కాడు. మోగింది. "ఇదో, ఇప్పుడు మోగతా ఉండాది చూడు. ఆవును చూసి సిగ్గుపడినట్టుండాది."

డ్రైవరన్న బల్ల మీది నుంచి లేచి నిలబడ్డాడు.

నేను పరుగున పోయి టింకర్‌ను దించి ఎక్కి కూర్చున్నాను. నేరుగా పెట్టి నొక్కితే మోగింది. కుడికి తిప్పి నొక్కితే మోగింది. ఎడమకు కొంచెం తిప్పితే మోగింది. ఇంకొంచెం, పావు చుట్టు తిప్పేసరికి చప్పుడు లేదు. ఇంకా తిప్పితే మళ్ళీ మోగింది. ఆ కొంచెం మేరలోనే చచ్చిపోతోంది. పొద్దుటి నుంచి నేను నొక్కింది నిలబడిన బండిలో, నేరుగా ఉన్న చక్రాలతో. ఆసుపత్రి ముందు పెద్దాయన నొక్కింది కూడా అంతే. పాత బండి స్టీరింగు నిలబడిన చోట తిప్పాలంటే భుజాలు ఊడతాయి, ఎవరు తిప్పుతారు? ఈ పనిలో ఉన్న పిల్లలకు నేను చెప్పగలిగే సలహా ఇదొక్కటే. బండి ఏం చేస్తుండగా చెడిందో, దానిచేత ఆ పనే చేయిస్తూ చూడండి.

చీకటి పడకముందే స్టీరింగు మూత విప్పాను. అలాంటి కార్లలో స్టీరింగు కింద గాజంత ఇత్తడి రింగు ఒకటి ఉంటుంది. దాన్ని ఒకచోట ఒరుసుకుంటూ చిన్న బొగ్గు ముక్క ఉంటుంది. స్టీరింగుతో పాటు రింగు తిరుగుతుంది, బొగ్గు ముక్క కదలదు. రెండూ తాకుతుంటేనే హారన్‌కు కరెంటు. ఆ రింగు మీద కింది వైపు, బొటనవేలు వెడల్పున గట్టిగా పెచ్చు కట్టి ఉంది. పసుపు, ఎరుపు, బూడిద రంగులు పొరలు పొరలుగా. స్క్రూడ్రైవరుతో గీకితే ఒక డబ్బా మూతలోకి పొడి రాలింది. ఏ నూనె మడ్డో అనుకొని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గంధం వాసన.

డ్రైవరన్న ముఖం చూస్తేనే ఆయనకు ఇది కొత్త కాదని తెలిసిపోయింది.

మా వైపు ఆయుధపూజకు బండి ఎలా ముస్తాబవుతుందో మీకు చెప్పక్కర్లేదు. కడిగి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, స్టీరింగు నడిమధ్య గంధం పూసి కుంకుమ పెడతారు. స్టీరింగు నడిమధ్య ఉండేది హారన్ బటనే. ఆ ఇంట్లో ఆ పని పెద్దమ్మ చేతి మీదుగా జరిగేది. పైగా ప్రతి కృత్తికకూ కొండ మీది నుంచి తెచ్చిన విభూతి కూడా అక్కడికే. గంధం నీళ్ళగా కలిపితే బటను సందులోంచి లోపలికి దిగుతుంది. పూజ నాడు బండి నేరుగానే నిలబెడతారు కాబట్టి దిగినదంతా రింగు కింది వైపుకే చేరి ఎండుతుంది. స్టీరింగు ఎడమకు పావు చుట్టు తిప్పితే ఆ పెచ్చు సరిగ్గా బొగ్గు ముక్క మీదికి వస్తుంది.

తెలిసిన డ్రైవర్లు దీనికి ఒక పని చేస్తారు. పూజ నాడు ముట్టుకోరు. మర్నాడు పొద్దున తడిగుడ్డతో బటను చుట్టూ తుడిచేసి, బొట్టు మాత్రం కొంచెం ఉంచుతారు. ఎవరూ పట్టించుకోరు.

"నేనూ తుడిచేవాణ్ణే" అన్నాడు డ్రైవరన్న. "ఒకతూరి అమ్మ చూసింది. మా దేవుడి గంధం నీకు అంత కానిదయిందా, తెల్లారీ తెల్లారకముందే తుడిచేస్తా ఉండావు అనింది. ఆ పొద్దుటి నుంచి నేను ముట్టలా."

"ఎందుకు తుడుస్తా ఉండావో చెప్పింటే అయిపోయేది గదన్నా."

ఆయన టింకర్ వైపు చూపించాడు. "వాడు తుడిస్తే పని తమ్ముడూ. నేను తుడిస్తే మతం. ఏమని చెప్పేది?"

టింకర్ జన్మలో మొదటిసారి చిన్న గొంతుతో, "అట్లెందుకు అనుకుంటావన్నా" అన్నాడు.

నేను రింగు శుభ్రం చేస్తుంటే డ్రైవరన్న పక్కకు వచ్చి నిలబడ్డాడు. "ఒక ఉపకారం చెయ్యి. గంధం మాట ఎత్తొద్దు. లోపల వైరు తెగిందని చెప్పు. ఆ అమ్మ తన చేత్తో పెట్టింది గదా, దానివల్ల ఒక ఆడమనిషి చెయ్యి విరిగిందని తెలిస్తే ఆమె తట్టుకోదు. నా మీద పడిన మాట పోతే నాకు చాలు."

ఆ పూటే పని మాన్పించిన ఇంటి మీద సాయంత్రానికి ఇంత దయ ఎలా ఉంటుంది మనిషికి? సరేనన్నాను. మెకానిక్కుకు వైరు మీద ఒక అబద్ధం చెప్పడం పెద్ద పనేమీ కాదు. మేస్త్రీకి కూడా అదే చెప్పి, పెద్దాయనకు ఫోను చేయించాను. ఈసారి "అయిపోయింది" అన్న మాట నిజమే.

మర్నాడు పెద్దాయన, పెద్దమ్మ ఇద్దరూ వచ్చారు. డ్రైవరన్నను కూడా రమ్మన్నాం. నేను పెద్దాయనను కారులో కూర్చోబెట్టి, వైరు లోపల నలిగిందనీ, ఎడమకు తిప్పినప్పుడు మాత్రం విడిపోయేదనీ, నేరుగా ఉంటే కలుసుకొనేదనీ చెప్పాను. "ఆయన చెప్పింది నిజమయ్యా. కొట్టినాడు, మోగలేదు."

పెద్దాయన దిగి డ్రైవరన్న దగ్గరికి పోయాడు. "తప్పయిపోయిందప్పా. నీ మాట వినాల్సింది" అని తాళం ముందుకు చాచాడు. డ్రైవరన్న అందుకున్నాడు. మేస్త్రీ నా వైపు చూసి, అంతా తానే కనిపెట్టినట్టు మీసం సవరించుకున్నాడు. కథ అక్కడ అయిపోయి ఉంటే నేను ఇదంతా రాసేవాణ్ణి కాదు.

పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. "సామి మన మానం కాపాడినాడు" అని చేతిసంచీలోంచి ఒక చిన్న డబ్బా తీసింది. కొండ మీది గంధం. అరచేతిలో వేసుకొని, సీసాలోంచి నీళ్ళు పోసి రంగరించి, తెరిచిన తలుపులోంచి వంగి స్టీరింగు నడిమధ్య నిండుగా పూసింది. పూయడమంటే ప్రేమతో, అంచుల దాకా. నేను చూస్తుండగానే ఒక పసుపుపచ్చ చుక్క బటను అంచు మీద నిలబడి, సందులోకి జారిపోయింది.

డ్రైవరన్న చూశాడు. చూసి తల వంచుకున్నాడు. తాళం చేతిలో ఉంది, నోరు మాత్రం మెదపలేదు. అప్పుడు నాకు అర్థమైంది, ఆయన ఇంక ఎప్పటికీ మెదపడు. గంధం ఆరుతుంది, పెచ్చు కడుతుంది, ఏదో ఒక వంపులో ఇంకొక గంప ఎత్తుకున్న ఆమె ఉంటుంది. ఈసారి తప్పుకొని పడడానికి కాలువ కూడా ఉండకపోవచ్చు. అప్పుడు కూడా ఆయన కొట్టినానయ్యా అనే అంటాడు.

ఇచ్చిన మాట తప్పాను. "అమ్మా, ఆడ వద్దు."

"ఏం నాయనా?"

"అది లోపలికి దిగతాదమ్మా. నిన్న చెడింది వైరు కాదు." బల్ల మీదున్న డబ్బా మూత తెచ్చి చూపించాను. ఆ పొడి ఏమిటో చెప్పక్కర్లేకపోయింది. వాసన ఆమెకు నాకంటే బాగా తెలుసు.

ఆమె మూత చేతిలోకి తీసుకుంది. తర్వాత డ్రైవరన్న వైపు తిరిగింది. "దీనికేనా నువ్వు తుడిచేవాడివి?"

"అవునమ్మా."

"మరి నేను ఆ మాట అంటే, దీనికని చెప్పలేదేం?"

"చెప్పింటే నమ్మేవాళ్ళా అమ్మా?" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, నిజంగానే అడిగినట్టు అడిగాడు.

ఆమె కొంగు చివర తడిపి, మళ్ళీ కారులోకి వంగి, తాను పూసిన గంధం తానే తుడవడం మొదలుపెట్టింది. పసిబిడ్డ మూతి తుడిచినట్టు నిదానంగా, సందుల్లో కూడా. పెద్దాయన రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. మేస్త్రీ ఫోను మోగుతూనే ఉంది, ఆయన తీయలేదు. ఈ పాపం ఎవరిదని ఎవరిని అడగాలి? తిలా పాపం తలా పిడికెడు. చూడకుండా బాగుందన్న మేస్త్రీది కొంత, నిలబడిన బండిలో పరీక్ష చేసిన నాది కొంత, ఒక మాట తూలిన ఆమెది కొంత, మింగి ఊరుకున్న ఆయనది కొంత.

మూత మళ్ళీ విప్పి, దిగిన తడి తుడిచి, ఆరబెట్టి బిగించాను. బటను చుట్టూ సందులో పడేట్టు ఒక రబ్బరు రింగు కోసి పెట్టాను. బొట్టు కావాలంటే ముందు అద్దం మీద పెట్టుకోండమ్మా అంటే, తల ఊపింది. డ్రైవరన్న వాళ్ళిద్దరినీ ఎక్కించుకొని కండిగైకి తీసుకుపోయాడు.

కొన్నాళ్ళకు పెద్దాయన ఫోను చేశాడు. పూలమ్మే ఆమెను చూసి వచ్చామని, చేయి కూడుకుంటోందని చెప్పాడు. హారన్ ఎలా ఉందయ్యా అని అడిగాను.

"హారన్‌కు ఏం కొదవ లేదు. ఎట్ల తిప్పినా మోగతాది" అన్నాడు. "ఆయనే రావడం లా. ఆ పొద్దు మమ్మల్ని దించేసి, తాళం నా చేతిలో పెట్టి, పోయొస్తానయ్యా అని పోయినోడు పోయినట్టే. ఫోను తీయడం లేదు. నువ్వు చెప్తే వింటాడేమో, ఒకతూరి పోయి చూడప్పా."

ఆదివారం లోకల్ రైలెక్కి పట్టాభిరామ్ పోయాను. ప్రార్థన నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. వాళ్ళ ఇంటావిడ కాఫీ ఇచ్చింది. దగ్గర్లో ఏదో చిన్న ఫ్యాక్టరీ వ్యాను నడుపుతున్నానని చెప్పాడు. ఆ పని నచ్చినట్టు లేదు, అడిగితే "బండి బండే గదా" అన్నాడు. నేను పెద్దాయన మాట చెప్పాను. అమ్మ రోజూ అడుగుతోందట అని కూడా కలిపాను.

"వాళ్ళ మీద నాకు కోపం లేదు తమ్ముడూ. మంచోళ్ళు. నాకు జ్వరమొస్తే ఆ అమ్మ కంజి కాచి పంపించింది" అన్నాడు.

"మరి రావచ్చు గదన్నా."

"నువ్వు లోపం కనుక్కున్నావు, నేను నిజం చెప్పినోణ్ణి అయినా. కనుక్కోలేకపోయింటే నేను ఏమయ్యేవాణ్ణి?"

మొదటి రోజు వంపులో అయినా అదే వైరు గదా అన్నది నేనే. కాఫీ తాగేసి లేచాను. ఆయన స్టేషన్ దాకా వచ్చి, రైలు ఏ పక్క వస్తుందో చూపించి వెళ్ళిపోయాడు.

ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా పెద్దాయన ఫోను వచ్చింది. రాడయ్యా, వేరే మనిషిని చూసుకోండి అని చెప్పాను.

"ఎందుకు రాడు? ఆయన తప్పు లేదని తేలిపోయింది గదా?" అన్నాడు.

"తేలేదాకా మనం నమ్మలేదు గదయ్యా" అన్నాను. రైలు వచ్చేసింది, ఫోను చెవి దగ్గరే పెట్టుకొని ఎక్కాను.